గుడ్లు పెట్టే కోళ్ళకు సున్నం అందించే వేళ

(సభ్య సంఘాల కార్యదర్శులు, పాల పరీక్షకుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల సభలో కోళ్ళ ప్రస్తావన ఎందుకని మీలో కొందరు అనుకోవచ్చు. పాడి ఉన్న ఇంట కోడి కూడా ఉంటున్నది. పెరట్లో పది, పదిహేను కోళ్ళు పెట్టుకున్న ఆడపడుచులు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. రెండు గేదెలకు తోడు చిన్న షెడ్డు వేసుకొని రెండు వందలో, అయిదు వందలో లేయర్లను పెంచుతున్నవారూ ఉన్నారు. పాలు ఎండిపోయిన నెలల్లో ఇల్లు గడిపేది చాలా చోట్ల ఈ గుడ్ల డబ్బే. అప్పు వాయిదా కట్టేదీ అదే. నేను పశువైద్యుణ్ణి కాను. నా పని లెక్కలు చూడటం. ఆ లెక్కలలో కనబడినదే ఇవాళ మీ ముందు ఉంచుతున్నాను.

కోళ్ళు పెట్టుకున్న సభ్యుల పద్దులు చూస్తే చితికిన గుడ్లు, తోలుగుడ్లు అని ఒక లెక్క తప్పనిసరిగా ఉంటుంది. కొందరు రాస్తారు, ఎక్కువమంది రాయరు. ఒక లెక్క వేసి చూడండి. అయిదు వందల కోళ్ళున్న షెడ్డులో రోజుకు 400 గుడ్లు వస్తున్నాయనుకుందాం. నూటికి 6 గుడ్లు పెంకు బీటవారితే రోజుకు 24 గుడ్లు పోయినట్లు. నెలకు 720, అంటే 30 గుడ్లు పట్టే ట్రేలు 24. వాటిని సగం ధరకు మిఠాయి దుకాణానికి ఇచ్చినా, 12 ట్రేల సొమ్ము చేతికి రాకుండా పోయినట్లే. పైగా ఇది ఒక్క నెలతో ఆగదు.

ఇదెందుకని అడిగితే అందరూ చెప్పే జవాబు ఒక్కటే: "కాల్షియం తగ్గిందండీ." మందు కూడా ఒక్కటే, మేతలో ఇంకో రెండు గుప్పిళ్ళు సున్నపురాయి పొడి. అది పని చేయకపోతే మరో రెండు గుప్పిళ్ళు. నేను చూసినంతలో చాలా ఇళ్ళలో కాల్షియం తక్కువ కాలేదు. అది కోడి కడుపులో ఉండవలసిన వేళకు ఉండటం లేదు. నా ప్రసంగమంతా ఈ ఒక్క విషయం గురించే.

ముందు గుడ్డు తయారయ్యే గడియారం చూద్దాం. కోడి ఉదయం 9 గంటలకు గుడ్డు పెట్టిందనుకోండి. సుమారు అరగంటకు లోపల మరో పచ్చసొన విడుదలవుతుంది. దానికి తెల్లసొన చుట్టుకోవడానికి దాదాపు 3 గంటలు, ఆపైన పెంకు కింద ఉండే పలుచని పొరలు ఏర్పడటానికి మరో గంట, గంటన్నర పడుతుంది. మధ్యాహ్నం రెండు, రెండున్నర వేళకు అది పెంకు తయారయ్యే సంచిలోకి చేరుతుంది. అక్కడ సుమారు 20 గంటలు ఉంటుంది. మొదటి నాలుగైదు గంటలు పెంకు నెమ్మదిగా పడుతుంది. చీకటి పడిన తరువాత పని జోరందుకొని తెల్లవారుజాము వరకు ఆ జోరుతోనే సాగుతుంది. మనం నిద్రపోయే వేళలోనే కోడి పెంకులో ఎక్కువ భాగం కడుతుందన్నమాట.

ఆ పెంకు బరువు 5, 6 గ్రాములు. దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, అంటే సున్నపురాయిలో ఉన్న పదార్థమే. అందులో కాల్షియం ఒక్కటే 2 గ్రాముల పైచిలుకు. వినడానికి ఇది చిన్న అంకె. అయితే కోడి రక్తంలో ఏ క్షణంలో చూసినా తిరుగుతూ ఉండే కాల్షియం గ్రాములో నలభయ్యో వంతు, సుమారు 25 మిల్లీగ్రాములు. పెంకు జోరుగా కట్టే వేళ గంటకు 100 నుంచి 150 మిల్లీగ్రాములు రక్తంలోంచి బయటికి పోతుంది. ఎక్కడినుంచో వెంటవెంటనే రాకపోతే కోడి రక్తం పావుగంటలో కాల్షియం లేకుండా ఎండిపోతుంది. కోడి ఎముకల గూడు మొత్తంలో ఉన్నది 20 గ్రాముల కాల్షియం. ఏడాదికి 300 గుడ్లు పెట్టే కోడి 600 గ్రాములకు పైగా పెంకుల రూపంలో బయటికి పంపుతుంది. తన ఎముకల సున్నాన్ని ముప్ఫైసార్లు మనకు ఇచ్చినట్లు. ఇంత పని చేసే జీవి మన కొట్టాంలో మరొకటి లేదు. గేదె కూడా దీని ముందు దిగదుడుపే.

ఇప్పుడు ఉదయం మేత సంగతి. ఏడు గంటలకు మేత పోస్తాం. అందులోని సున్నపురాయి పొడి గోధుమపిండిలా మెత్తగా ఉంటుంది. మెత్తని పొడి కందనకాయలో ఆగదు. గబగబా కరిగి పేగులోకి పోతుంది. పగటిపూట కోడికి దానితో అంత అవసరం లేదు. అవసరం లేని వేళ పేగు కూడా తక్కువే పీల్చుకుంటుంది, మిగిలినది రెట్టలో పోతుంది. రాత్రి పదింటికి పెంకు పని ముమ్మరంగా సాగేటప్పుడు పేగు ఖాళీ.

అప్పుడు కోడి ఏమి చేస్తుంది? ఎముకలోంచి తీసుకుంటుంది. దీనికోసం ప్రకృతి ఒక ఏర్పాటు చేసింది. గుడ్లు పెట్టే పక్షుల కాలి ఎముకల గుల్లలో, మామూలు ఎముకకు భిన్నంగా, వేగంగా చేరి వేగంగా కరిగే ఒక నిల్వ ఎముక ఉంటుంది. 1934లో కైస్, పాటర్ అనే శాస్త్రజ్ఞులు ఆడ పావురాలలో దీనిని వర్ణించారు. 1949లో కోమార్, డ్రిగ్గర్స్ అనేవారు కిరణధార్మిక కాల్షియాన్ని కోడికి ఇచ్చి, గుడ్డు పెంకులోని కాల్షియంలో కొంత అప్పటి మేతలోంచి, కొంత ఎముకలోంచి వస్తున్నదని చూపించారు. ఎముక నుంచి వచ్చేది సుమారు మూడోవంతు అని చెప్పుకోవచ్చు. పేగు ఖాళీగా ఉన్న రాత్రి ఆ వాటా ఇంకా పెరుగుతుంది.

సంఘం మనుషులం గనుక మన భాషలో చెబుతాను. ఇది చేబదులు ఖాతా. రాత్రి తీసుకున్నది పగలు జమ పడితే ఇబ్బంది లేదు. రోజూ తీసిన దానికన్నా తక్కువ జమ పడుతుంటే, నిల్వ ఎముక చాలక కోడి అసలు ఎముకను తినడం మొదలుపెడుతుంది. ముందు పెంకు పలుచనవుతుంది. తరువాత ఏదో ఒక ఉదయం కేజీలో మంచి కోడి, నిన్నటిదాకా గుడ్డు పెట్టిన కోడి, కాళ్ళు చాచి పక్కకు పడి ఉంటుంది. దానిని బయటికి తీసి నేలమీద విడిచి, మేత, నీళ్ళు, గ్రిట్టు అందేట్లు పెడితే కొన్ని తేరుకుంటాయి. పట్టించుకోకపోతే చస్తాయి. అమ్మే వేళ పట్టుకుంటే ఎముకలు విరిగే ముసలి కోళ్ళదీ ఇదే కథ.

ఇక చేయవలసినది. సున్నం సగమైనా పలుకుగా ఉండాలి, ఆ పలుకు సాయంత్రం అందాలి. పలుకు అంటే 2 నుంచి 4 మిల్లీమీటర్లు, బియ్యపు నూక కంటె పెద్దది, జొన్నగింజకు మించనిది. గుల్లల గ్రిట్టు కావచ్చు, సున్నపురాయి పలుకు కావచ్చు, రెండింటిలోనూ కాల్షియం దాదాపు నూటికి 37, 38 పాళ్ళు ఉంటుంది. ఈ పలుకు కందనకాయలో ఆగుతుంది. అక్కడి ఆమ్లంలో కొంచెం కొంచెంగా రాత్రంతా కరుగుతుంది. కోడికి కూడా ఈ సంగతి తెలుసు. మధ్యాహ్నం దాటాక దానికి సున్నంమీద ప్రత్యేకమైన ఆకలి పుడుతుంది. మేతలో కలపకుండా వేరే మూకుట్లో గ్రిట్టు పెట్టి చూడండి. ఉదయం తొంగి కూడా చూడని కోళ్ళు సాయంత్రం ఎగబడతాయి.

లెక్క ఇది. ఒక కోడి రోజుకు 110 గ్రాముల మేత తింటే నూరు కోళ్ళకు 11 కిలోలు. లేయరు మేతలో కాల్షియం నూటికి మూడున్నర నుంచి 4 పాళ్ళు ఉండాలి గనుక, నూరు కోళ్ళకు రోజుకు సుమారు ఒక కిలో సున్నపురాయి కావాలి. మేత సొంతంగా కలుపుకునేవారు అందులో అరకిలో మాత్రమే పొడిగా కలిపి, మిగతా అరకిలో పలుకును సాయంత్రం తొట్లలో మేతపైన చల్లాలి. కోడికి 5 గ్రాములు పడుతుంది. కొన్న మేత వాడేవారు ఇదే లెక్క పట్టుకోకూడదు. ఆ మేతలో సున్నం అంతా ముందే కలిసి ఉంటుంది. వారు కోడికి 2, 3 గ్రాముల పలుకు వేస్తే చాలు, అదీ ముఖ్యంగా సంవత్సరం దాటిన కోళ్ళకు. కోడి ముదిరే కొద్దీ గుడ్డు పెద్దదవుతుంది గాని పెంకు బరువు అంతగా పెరగదు. అదే సున్నం పెద్ద గుడ్డు మీద పరుచుకొని పలుచనవుతుంది. మేలు కదా అని గుప్పిళ్ళకొద్దీ వేస్తే మేత రుచి చెడి కోడి తినడమే తగ్గిస్తుంది. భాస్వరం, జింకు సరిగా ఒంటబట్టవు.

మొత్తం మేతను కూడా ఉదయం రెండు పాళ్ళు, మధ్యాహ్నం తరువాత మూడు పాళ్ళుగా పంచితే ఇంకా మంచిది. చీకటి పడే ముందు కోడి గొంతుసంచి నిండి ఉండాలి. ఎండాకాలంలో ఇది మరీ అవసరం. వేడికి కోడి నోరు తెరిచి రొప్పినప్పుడు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. పెంకులో సున్నంతో కలవవలసిన రెండో సరుకు దానినుంచే రావాలి. పైగా ఆ రోజుల్లో మధ్యాహ్నం మేత ముట్టదు. తెల్లవారుజామునా, సాయంత్రం చల్లబడ్డాకా పెట్టినదే దాని ఒంటికి అందుతుంది.

ఇదంతా తెలిసీ మన సభ్యుల ఇళ్ళలో సాయంత్రం మేత ఎందుకు పడటం లేదు? ఒక మహిళా సభ్యురాలిని అడిగాను. "ఎప్పుడు వెయ్యమంటారండీ? నాలుగింటికి కుడితి పెట్టాలి, గేదె చేపుకొచ్చే వేళకు పక్కన కూర్చోవాలి, ఆరు కాకముందే క్యాను పట్టుకొని మీ సెంటరు దగ్గర వరుసలో నిలబడాలి. ఇంటికొచ్చేసరికి కోళ్ళు ఎక్కి పడుకుంటాయి" అన్నది. ఆ జవాబులో నాకు సమస్య మొత్తం కనబడింది. సాయంత్రం పాల సేకరణ వేళా, కోడికి సున్నం కావలసిన వేళా ఒకటే. సంఘం గడియారం ఇంటి గడియారాన్ని ఉదయానికి నెట్టివేసింది. అందుకే పాడి లేని కోళ్ళవాళ్ళ కంటె మన సభ్యులకే ఈ చిక్కు ఎక్కువగా ఉన్నదని నా అభిప్రాయం.

సేకరణ వేళ మార్చమని నేను అడగను. మార్చడం సాధ్యమూ కాదు, పాలు ఆగవు. కాని ఈ పనికి పావుగంట చాలు. కుడితికి లేవకముందు, మూడు, మూడున్నర మధ్య పలుకు చల్లితే సరిపోతుంది. మేత తొట్టిలో పోసేది మళ్ళీ ఎలాగూ పాలు పోసి వచ్చాక, దీపం ఉంటే. ఇంట్లో పెద్దవారు ఉంటే వారికి అప్పగించవచ్చు. గ్రిట్టును డబ్బాతో కొలిచి ఉదయమే పక్కన పెట్టి ఉంచితే బడినుంచి వచ్చిన పిల్లవాడు కూడా చల్లగలడు. పెరటి కోళ్ళకు ఇంకా సులువు. వనరాజా, గ్రామప్రియ వంటి హైదరాబాదు కోళ్ళ పరిశోధన సంచాలనాలయం రకాలు గాని, నాటు కోళ్ళు గాని పొద్దుగూకే వేళ వాటంతటవే గూటికి వస్తాయి. గూటి వాకిట ఒక మూకుడు గ్రిట్టు ఉంచితే చాలు. ఎంత కావాలో అవే చూసుకుంటాయి.

సరుకు విషయంలో జరిగే పొరపాట్లు చెప్పాలి. మొదటిది మన ఇంట్లోనిదే. గేదెకు ఇచ్చే ఖనిజ లవణ మిశ్రమాన్ని కోళ్ళ మేతలో పోస్తున్నారు. అది పాడి పశువు కోసం చేసినది, దానిలో కాల్షియంతో పాటు భాస్వరం బాగా ఉంటుంది. కోడికి భాస్వరం కొంత కావలసిందే, కాని ఎక్కువైతే ఎముకలోంచి కాల్షియం కదలనివ్వదు, పెంకు మరింత పలుచనవుతుంది. మేలు చేయబోయి కీడు చేసినట్లవుతుంది. రెండోది డోలమైటు. మన రాష్ట్రాలలో పిడుగురాళ్ళ, జగ్గయ్యపేట వైపు మంచి సున్నపురాయి ఉన్నట్లే ఖమ్మం జిల్లా మాధారం వైపు డోలమైటు కూడా ఉన్నది. పొడి చేస్తే కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి. డోలమైటులోని మెగ్నీషియం ఎక్కువైతే కోళ్ళు పారుకుంటాయి, పెంకు దెబ్బతింటుంది. మూడోది గులకరాయి. మామూలు రాతి గులక మేత నలగడానికి పనికివస్తుంది గాని అందులో సున్నం లేదు.

గ్రిట్టు కొనేటప్పుడు ఒక గ్లాసులో వెనిగరు పోసి నాలుగు పలుకులు వేయండి. సున్నం ఉంటే బుడగలు వస్తాయి. రెండు రోజులు వెనిగరు మారుస్తూ ఉంచితే గుల్ల కరిగిపోతుంది, కలిపిన ఇసుక అడుగున మిగులుతుంది. డోలమైటు పలుకు మీద బుడగ లేచీ లేవనట్లు ఉంటుంది. పాల పరీక్షకులకు ఒక మాట. సంఘంలో వెన్న పరీక్షకు ఉంచిన గంధకామ్లాన్ని దీనికి వాడాలని ఎవరికైనా బుద్ధి పుట్టవచ్చు, వద్దు. ప్రమాదం సంగతి సరే, ఆ ఆమ్లం సున్నపురాయి మీద కరగని పొర కట్టి బుడగలను ఆపేస్తుంది. మంచి రాయి కూడా చెడ్డదిగా కనబడుతుంది.

ఆలుచిప్పలు, నత్తగుల్లలు దొరికే ఊళ్ళలో వాటిని ఉడకబెట్టి, ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి వాడుకోవచ్చు. ఇంట్లో పగిలిన గుడ్ల పెంకులు కూడా అలాగే. పెంకును గుడ్డుగా ఆనవాలు పట్టనంత చిన్నగా దంచాలి, లేకపోతే కోళ్ళు గుడ్లు పొడిచి తినడం నేర్చుకుంటాయి. కాల్చిన సున్నం మాత్రం మేతలో కలపవద్దు, నోరు, గొంతు కాలుతాయి.

మొదలుపెట్టే వయసు గురించి. పెట్టలు గుడ్డుకు రావడానికి సుమారు రెండు వారాల ముందు, తురాయి ఎరుపెక్కే వేళ, ఆ నిల్వ ఎముక పేరుకోవడం మొదలవుతుంది. అప్పటివరకు పెరిగే పెట్టల మేతలో కాల్షియం నూటికి ఒక పాలు చాలు. ఆ రెండు వారాలు రెండు, రెండున్నర పాళ్ళకు పెంచి, మొదటి గుడ్లు కనబడగానే లేయరు మేతకు మారాలి. తొందరపడి పది వారాల పెట్టకే లేయరు మేత పెడితే మూత్రపిండాలు చెడిపోతాయి. కోసి చూస్తే లోపల సుద్దపూసినట్లు ఉంటుంది.

ఇక్కడ పాడివారు జాగ్రత్తగా వినవలసిన తేడా ఒకటి ఉన్నది. కోడికి పని మొదలయ్యేముందు సున్నం పెంచమన్నాను గదా అని చూడి ఆవుకు, గేదెకు కూడా ఈనేముందు సున్నపుతేట, కాల్షియం సీసాలు పట్టించకండి. అక్కడ పద్ధతి వేరు. ఈనేముందు వారాలలో కాల్షియం అతిగా అందిన పశువు శరీరం ఎముకలోంచి తీసుకునే అలవాటు తప్పుతుంది. ఈనిన రోజున జున్నుపాలలో ఒక్కసారిగా 20 గ్రాముల పైన కాల్షియం పోయేసరికి తట్టుకోలేక పాలజ్వరంతో కూలబడుతుంది. 1954లోనే కాలిఫోర్నియాలో బోడా, కోల్ అనే శాస్త్రజ్ఞులు ఈనేముందు కాల్షియం తక్కువ ఇచ్చిన ఆవులు దీనిని తప్పించుకుంటాయని చూపించారు. కాల్షియం ఈనిన తరువాత ఇవ్వవలసినది. ఒకే ఇంట్లో, ఒకే అల్మారాలో ఉన్న ఒకే సరుకు, రెండు జీవాలకు వేర్వేరు వేళలు.

పెంకు చెడిన ప్రతిసారీ సున్నానిదే దోషం కాదు. గుడ్ల సంఖ్య కూడా ఉన్నట్టుండి పడిపోయినా, పెంకులు ముడతలు పడినా, గురకతో పాటు వచ్చినా అది రోగం కావచ్చు. అప్పుడు గ్రిట్టుతో కాలయాపన చేయకుండా పశువైద్యుణ్ణి పిలవాలి. ఎండ తగలని షెడ్డు కోళ్ళకు మేతలో డి3 విటమిను లేకపోతే ఎంత సున్నం పోసినా ఒంటబట్టదు.

కార్యదర్శులను నేను కోరేది రెండు పనులు. పది, పన్నెండు మంది సభ్యులు కలిసి అడిగితే దాణా బస్తాలతో పాటే గ్రిట్టు బస్తాలు కూడా తెప్పించండి. విడిగా కిలో, రెండు కిలోలు కొనేవారికి ధర ఎక్కువ, సరుకు నాసి. రెండోది, షెడ్డులున్న సభ్యుల పుస్తకంలో చితికిన గుడ్లకు, తోలుగుడ్లకు ఒక గడి గీయించండి. వీలైనవారు షెడ్డును రెండు సగాలు చేసి, ఒక సగానికి పాత పద్ధతిలోనే, రెండో సగానికి సాయంత్రం పలుకు వేసి, మూడు వారాలు రెండు లెక్కలూ విడివిడిగా రాయాలి. మొదటి నాలుగైదు రోజుల అంకె చూసి నిర్ణయానికి రావద్దు, ఎముక నిల్వ పూడటానికి కొంత వ్యవధి పడుతుంది. సన్నని బీటలు కంటికి కనబడవు గనుక రాత్రి టార్చిలైటు ముందు పెట్టి చూసి లెక్కించాలి. వచ్చే తనిఖీకి నేను వచ్చినప్పుడు పాల పుస్తకంతో పాటు ఆ గడి కూడా చూస్తాను.